రోజూ నేస్త, రేపు నేస్త

తార్నాక, హైదరాబాద్

తమ్మీ,

నువ్వు పంపిన నోట్‌బుక్ పేజీ ఫోటోను పెద్దగ చేసుకొని నింపాదిగ చదివిన. పైన గీసిన పట్టిక మొత్తం కరెక్టే ఉన్నది. తిప్పలంతా కింద రాసిన వాక్యాలతోనే వచ్చింది. "మా బాపు దుబాయ్‌ల పనిచేస్తడు" అని మనసుల అనుకొని, "మి పాద్రె త్రబహరా ఎన్ దుబాయ్" అని రాసినవ్. అక్షరం తప్పు లేదు, క్రియ రూపం కూడా తప్పు కాదు. అయినా ఆ వాక్యం బాపు గురించి చెప్పాల్సిన మాట చెప్తలేదు. మాడ్రిడోడో మెక్సికోడో అది చదివితే, ఈ పిల్లగాని తండ్రి ఇంకా దుబాయ్ పోలేదు, ముందు ముందు పోయి పనిచేస్తడట అనుకుంటడు. లేకుంటే, తండ్రి ఎక్కడున్నడో కొడుకుకు పక్కా తెల్వదు, దుబాయ్‌ల పనిచేస్తుండొచ్చు అంటున్నడు అనుకుంటడు. ఏండ్ల సంది అక్కడ ఎండల కష్టపడుతున్న మనిషి గురించి రెండూ అబద్ధాలే.

దసరా సెలవులైనంక నీకు పరీక్ష ఉన్నదని తెలుసు. పట్టిక బట్టీ పడితే ఆ మార్కులు వస్తయి. నేను ఈ ఉత్తరం మార్కుల కోసం రాస్తలేను. తెలుగు మాట్లాడేటోళ్లకు స్పానిష్ భవిష్యత్ కాలం కట్టుడు అల్కగ వస్తది. దాన్ని ఎక్కడ వాడొద్దో తెల్వకనే దెబ్బ తింటరు. ఇన్నేండ్ల సంది ఈ భాష చెప్తూ నేను మళ్ల మళ్ల చూస్తున్నది అదే.

ముందు కట్టే తీరు చూద్దాం. పుస్తకాలన్నిట్ల 'అబ్లార్', అంటే మాట్లాడుడు, ఉంటది. మనం సిరిసిల్ల పక్కన పుట్టినోళ్లం కాబట్టి 'తెహేర్' తీసుకుందాం. తెహేర్ అంటే నేసుడు. నడుమ ఉన్న 'హ' కొంచెం గొంతుల నుంచి రావాలె. ఇంకొకటి యాదుంచుకో: ఈ ఉత్తరంల స్పానిష్ మాటలను నేను మన లిపిల రాస్తున్న, ఎక్కడ ఒత్తి పలకాలెనో అక్కడ్నే దీర్ఘం పెడుతున్న.

వర్తమానంల చివరి 'ఏర్' తీసేస్తం గదా, తేహొ, తేహెస్ అనుకుంట. భవిష్యత్తుల తీసేసుడు లేదు. క్రియ మొత్తం అట్లనే ఉంటది, దాని ఎనుక తోక తగులుతది. నేను నేస్త అంటే తెహెరే. నువ్వు నేస్తవ్ అంటే తెహెరాస్. వాడు నేస్తడు, ఆమె నేస్తది, రెంటికీ తెహెరా. మనం నేస్తం అంటే తెహెరేమొస్. స్పెయిన్‌ల దోస్తులను పదిమందిని కలిపి మీరు అనేటప్పుడు తెహెరేయిస్. వాళ్లు నేస్తరు అంటే తెహెరాన్. సాంచెల మీద చూసినవ్ గదా, పడుగు ఎక్కినంక అది అట్లనే నిలబడుతది, అటు ఇటు తిరిగేది పేక పోగే. ఇక్కడ తెహేర్ పడుగు, తోకలు పేక.

ఇంకా మంచి సంగతి, ఆ తోకలు మూడు తరగతుల క్రియలకూ ఒక్కటే. వర్తమానంల 'ఆర్' క్రియలకు ఒక తీరు, 'ఏర్' క్రియలకు ఒక తీరు, 'ఈర్' క్రియలకు ఇంకో తీరు నేర్చుకున్నవ్. ఇక్కడ ఆ బాధ లేదు. అబ్లార్ నుంచి అబ్లరే, తెహేర్ నుంచి తెహెరే, బిబీర్ (బతుకుడు) నుంచి బిబిరే. వర్తమానంల నిన్ను ఏడిపించిన క్రియలు కూడా ఇక్కడ బుద్ధిగ నడుస్తయి. బొల్బేర్, అంటే తిరిగి వచ్చుడు, వర్తమానంల బ్వేల్బొ అయి రూపం మార్చుకుంటది. భవిష్యత్తుల బొల్బెరే, అంతే. దొర్మీర్ దొర్మిరే అయితది, పెదీర్ పెదిరే అయితది. సెర్ లాంటి మొండి క్రియ, వర్తమానంల సోయ్, ఏరెస్, ఎస్ అని మూడు ముక్కలైపోయేది, ఇక్కడ సెరే, సెరాస్, సెరా అని వరుసల నిలబడుతది. ఈర్, అంటే పోవుడు, వర్తమానంల బోయ్. భవిష్యత్తుల ఇరే. కొత్తగ చేరిన పిల్లలు ఈ కాలాన్ని చూసి ఎందుకు భయపడుతరో నాకు సమజ్ కాదు. స్పానిష్‌ల ఇంత నీతిగ నడిచే కాలాలు తక్కువే.

'సెరా' నువ్వు చిన్నప్పటి సంది విన్న మాటే. 1956ల హాలీవుడ్ సినిమా కోసం డోరిస్ డే పాడిన 'కే సెరా సెరా' పాట మన దిక్కు భానుమతి గొంతుల కూడా ఊర్లకు వచ్చింది. ఆ సెరానే సెర్ క్రియకు భవిష్యత్ రూపం. పాట పేరు మాత్రం స్పానిష్ వ్యాకరణానికి ఒప్పది, ముందు 'లొ' చేర్చి 'లొ కె' అనాలె. రూపం యాదుంచుకునేతందుకు పాటను వాడుకో, వాక్యం కట్టుడుకు మాత్రం దాన్ని నమ్మకు.

ఆ తోకలు ఎక్కడి నుంచి వచ్చినయో చెప్తే నువ్వు పట్టికను బట్టీ పట్టే పనే ఉండది. పాత లాటిన్‌ల భవిష్యత్తుకు వేరే రూపాలుండె. ప్రేమిస్తడు అనేతందుకు 'అమాబిట్', ప్రేమించిండు అనేతందుకు 'అమావిట్' అనేటోళ్లు. కాలం గడిచినకొద్దీ జనం నోట్ల 'బ', 'వ' కలిసిపోయినయ్. రేపటి మాటా నిన్నటి మాటా ఒక్క తీరే వినబడితే సంసారం ఎట్ల నడుస్తది? అందుకని జనం ఇంకో దారి పట్టిండ్రు. క్రియను పూర్తిగ చెప్పి దాని పక్కన 'హబేరే', అంటే కలిగి ఉండుడు, పెట్టిండ్రు. పాడేదున్నది, పోయేదున్నది అన్నట్టు. మన ముస్తాబాద్‌ల కూడా "రేపు సిరిసిల్లకు పోయేదున్నది" అని రోజూ అంటరు గదా, సరిగ్గ అదే తొవ్వ. వాళ్ల దగ్గర ఆ 'ఉన్నది' అరిగి అరిగి క్రియకు అతుక్కొని తోక అయింది.

నమ్మకం లేకుంటే హబేరే నుంచి వచ్చిన అబేర్ క్రియను వర్తమానంల చదివి చూడు: ఎ, అస్, అ, ఏమొస్, అబేయిస్, అన్. ఇప్పుడు తెహేర్ ఎనుక ఒక్కొక్కటే పెట్టు. తెహెరే, తెహెరాస్, తెహెరా. అబేయిస్‌ల ముందటి 'అబ్' రాలిపోయి 'ఏయిస్' మిగిలింది, మిగతా అన్నీ ఉన్నవి ఉన్నట్టే. మూడు తరగతులకూ తోకలు ఒక్కటే ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా. అన్నిటి ఎనుకా వచ్చి కూసున్నది ఆ ఒక్క క్రియనే. ఇది నేను కొత్తగ కనిపెట్టింది కాదు. 1492ల అంతోనియొ దె నెబ్రీహ అనే పండితుడు కాస్టిలియన్ భాషకు మొదటి వ్యాకరణం అచ్చు వేయించిండు. కొలంబస్ ఓడలెక్కిన ఏడే అది. భవిష్యత్తు క్రియతోని, అబేర్ వర్తమానంతోని కలిపి చెప్పేదని అందుల్నే ఆయన రాసి పెట్టిండు. పాత స్పానిష్‌ల ఈ రెండిటి నడుమ ఇంకో మాట దూరేతందుకు జాగ కూడా ఉండె, 'దార్ తె ఎ' అని, అంటే నీకు ఇస్త అని. పోర్చుగీసు రాతల ఇప్పటికీ ఆ తీరు బతికే ఉన్నది. స్పానిష్‌ల మాత్రం అతుకు పక్కాగ పడ్డది, నడుమ ఏదీ దూరదు. నీకు ఫోన్ చేస్త అనాలెనంటే 'తె యమరే', 'తె' ముందుకు పోవాలె.

నీ పట్టికల ఒక్కటి ఎర్ర పెన్నుతోని దిద్దాల్సింది ఉన్నది. అక్షరం మీద పెట్టే గీత, ఆ 'తీల్దె'ను కొన్ని చోట్ల పెట్టినవ్, కొన్ని చోట్ల మరిచినవ్. లెక్క అల్కదే. అచ్చుతోని గానీ, 'న్'తోని గానీ, 'స్'తోని గానీ అయిపోయే మాటను స్పానిష్‌ల మామూలుగ చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తుతరు. భవిష్యత్తుల ఒత్తు చివరికి పోతది. అలవాటు తప్పింది కాబట్టి గీత పెట్టి చెప్పాలె. నొసోత్రొస్ రూపం తెహెరేమొస్‌ల ఒత్తు ఎట్లాగూ రెండో అక్షరం మీదనే ఉన్నది, దానికి గీత అక్కర్లేదు. మిగతా అయిదింటికీ పెట్టాలె. ఇది అందం కోసం పెట్టేది కాదు. అబ్లరా అంటే మాట్లాడుతడు, అబ్లార అంటే మాట్లాడి ఉంటే, మాట్లాడాలని అన్నట్టు ఇంకో క్రియ రూపం. గీత తీసేస్తే అర్థమే తిరగబడుతది. మనకు ఇది వినబడాలె తమ్మీ. కల, కాల అని తేడా పట్టే చెవులు మనయి. అయితే దీర్ఘం లాగ సాగదియ్యకు, ఒత్తి పలుకు.

ఇగ అసలు సంగతికి వస్త.

"మా బాపు దుబాయ్‌ల పనిచేస్తడు." "బాపు వచ్చే నెల కొత్త కంపెనీల పనిచేస్తడు." ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడు. మొదటిది రోజూ జరిగేది, రెండోది ఇంకా జరగనిది. మన తెలుగు రెంటికీ 'చేస్తడు' అనే ఒక్క రూపమే ఇచ్చింది. సూర్యుడు తూర్పున పొడుస్తడు, రేపు ఆరింటికి పొడుస్తడు. అమ్మ రోజూ బీడీలు చేస్తది, రేపు పొద్దున కూడా చేస్తది. మన వ్యాకరణకర్తలకు ఇది తెల్వనిది కాదు. చిన్నయ సూరి బాలవ్యాకరణంల భూత, భవిష్యత్, వర్తమానాల పక్కన తద్ధర్మం అని ఇంకో దాన్ని చెప్పిండు. ఒకదాని స్వభావం, అలవాటు చెప్పే రూపం అది. వాడుకల మన నోట్ల ఆ తద్ధర్మం, భవిష్యత్తు ఒకటే అయి కూసున్నయి. మనకు ఇబ్బంది లేదు, 'రోజూ', 'రేపు', 'వచ్చే నెల' అనే మాటలు పక్కన ఉండి సంగతి చెప్తయి.

స్పానిష్ ఆ రెంటినీ వేరు చేసి పెట్టింది. అలవాటు, స్వభావం, బతుకుదెరువు, ఇవన్నీ వర్తమానంల చెప్పాలె. మి పాద్రె త్రబాహ ఎన్ దుబాయ్. నేను రోజూ సిద్దిపేట పోత అనేతందుకు 'తోదొస్ లొస్ దీయస్ బోయ్ అ సిద్దిపేట'. రేపు పోత అంటేనే 'మన్యాన ఇరే'. కాబట్టి నీ మనసుల ఒక వాక్యం తెలుగుల పుట్టంగనే, దాని ముందు 'రోజూ' పెట్టి చూడు. అర్థం చెడకుంటే వర్తమానం రాయి. 'రోజూ' పెడితే వాక్యం పాడై, 'రేపు' పెడితేనే నిలబడితే భవిష్యత్తు రాయి. కొన్ని రోజులు చేతిల పెన్ను పట్టుకొని ఇట్ల అడుక్కుంటనే రాయి. తర్వాత చెయ్యి తనంతట తనే అడుగుతది. మీ యూనివర్సిటీల నీకు అన్ని రాష్ట్రాల పిల్లలు క్లాసుల ఉంటరు. హిందీ పిల్లలకు 'కరతా హై', 'కరేగా' అని రెండు వేరు రూపాలు ఇంట్లనే ఉన్నయి, ఈ చిక్కు వాళ్లకు రాదు. నీకు వస్తది. అది నీ తెలివితక్కువతనం కాదు, నీ భాష అట్ల పేర్చుకున్నది.

నీ పేజీల రెండో వాక్యానికి వస్త. "మా సార్ రేపు మాట్లాడుతరు" అని అనుకొని 'అబ్లరాన్' రాసినవ్. నీ మర్యాద నాకు అర్థమైంది. మనం పెద్దోళ్లకు, సార్లకు, అల్లునికి బహువచనం పెడుతం. స్పానిష్‌ల సార్ ఒక్కడే అయితే క్రియ కూడా ఏకవచనమే, 'అబ్లరా'. నువ్వు రాసింది చూసి, సార్లు ఎంతమంది అని అడుగుతరు. ఎదురుంగ నిలబడి గౌరవంగ 'ఉస్తేద్' అని మాట్లాడినా అంతే, ఏకవచనమే. అక్కడ మర్యాద 'తూ' విడిచి 'ఉస్తేద్' అనుడుల ఉన్నది, సంఖ్య పెంచుడుల లేదు. ఇద్దరు ముగ్గురు పెద్దోళ్లుంటే 'ఉస్తేదెస్', అప్పుడు అబ్లరాన్. లాటిన్ అమెరికాల దోస్తులను కలిపి పిలిచినా ఉస్తేదెస్సే, తెహెరేయిస్ లాంటి బొసోత్రొస్ రూపం అక్కడ వాడరు. పరీక్షకు మాత్రం నేర్చుకో.

కొన్ని మన దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేవు. మనం అన్నా మేం అన్నా నొసోత్రొస్ ఒక్కటే. నేస్తడు, నేస్తది తేడా తెహెరా మింగేస్తది. మనం అయినా వాళ్లయినా 'నేను', 'నువ్వు' చెప్పకున్నా తోక చూసి మనిషిని పోల్చుకుంటం. అందుకని ప్రతి వాక్యం ముందు 'యో', 'తూ' అని పెట్టకు. ఇంగ్లీష్ చదివిన అలవాటుతోని పెడుతున్నవ్, తెలుగు అలవాటుతోని తీసెయ్.

ఇంకో కాడ తెలుగు నిన్ను చెయ్యి పట్టుకొని నడిపిస్తది. బాపు ఫోన్ ఎత్తకుంటే అమ్మ ఏమంటది? "ఈ యాళ్లకు డ్యూటీల ఉంటడు." అది రేపటి మాట కాదు, ఇప్పటి గురించిన అంచనా. స్పానిష్ కూడా సరిగ్గ ఇట్లనే భవిష్యత్ రూపంతోని అంచనా చెప్తది. 'దోందె ఎస్తరా?' అంటే ఎక్కడుంటడో ఏమో. 'ఎస్తరా ఎన్ కాస', ఇంట్ల ఉంటడు. 'సెరాన్ లస్ ఓచొ', ఎనిమిది అయితుండొచ్చు. ఇంగ్లీష్ మీదుగ నేర్చుకునేటోళ్లకు ఈ వాడుక అల్కగ ఎక్కది. నీకు అమ్మ మాటల నుంచే వస్తది. నీ మొదటి వాక్యం ఎందుకు రెండు తీర్ల తప్పు పోయిందో ఇప్పుడు తెలిసింది గదా. త్రబహరా అంటే రేపు పనిచేస్తడన్నా కావాలె, పనిచేస్తుండొచ్చన్నా కావాలె. పనిచేస్తున్నడు అనేది మాత్రం అందుల లేదు.

"వచ్చినంక", "వస్తే" అనే కాడ కూడా తెలుగునే నమ్ముకో. బాపు దుబాయ్ చేరినంక ఫోన్ చేస్తడు. 'చేరినంక'ల భవిష్యత్తు రూపం ఎక్కడా లేదు గదా. స్పానిష్‌ల కూడా 'క్వాందొ' ఎనుక భవిష్యత్ రూపం పెట్టరు: 'క్వాందొ యేగె అ దుబాయ్, యమరా'. యేగె అనే రూపం మీకు రెండో సెమిస్టర్‌ల చెప్తరేమో. అప్పటిదాక క్వాందొ ఎనుక యెగరా అని రాయకుంటే చాలు. 'సి', అంటే అయితే, దాని ఎనుక వర్తమానం: 'సి బియేనె', వస్తే. కాదు అని చెప్పుడు మనకన్న అల్క. పోను, పోవు, పోడు అని మనకు వేరే రూపాలున్నయి, వాళ్లు క్రియ ముందు 'నొ' పెడితే అయిపాయె.

మాటల్ల ఈ భవిష్యత్ రూపం కన్నా 'బోయ్ అ తెహేర్' అనే తీరే ఎక్కువ వింటవ్, లాటిన్ అమెరికాల ఇంకా ఎక్కువ. యూట్యూబ్‌ల విని, మా సార్ పాత భాష చెప్తున్నడని నాతోని అన్నవ్ మొన్న. సార్ చెప్పేది పాత భాష కాదు. పత్రికల్ల, ఉత్తర్వుల్ల, ఒప్పందాల్ల, ఒట్టు పెట్టి చెప్పే మాటల్ల ఇదే నిలబడుతది. 'బోయ్ అ బొల్బేర్' అంటే వచ్చే పని పెట్టుకున్న అన్నట్టు. 'బొల్బెరే' అంటే మాట ఇస్తున్న అన్నట్టు. జగిత్యాలల, కోరుట్లల, మన సిరిసిల్ల పల్లెల్ల, ఇంటికొకరు మస్కట్‌లనో దుబాయ్‌లనో ఉన్న కాడ ఆ తేడా ఎవ్వరూ వివరించాల్సిన పని లేదు. "వచ్చే బతుకమ్మకు ఇంట్ల ఉంట బిడ్డా" అని బాపు అన్నది ఏ రూపంల రాయాలెనో నువ్వే తేల్చుకో.

మొండివి ఒక 12 ఉన్నయి. వాటి తోకలు ఇవే, మొదలు మాత్రం కొంచెం చెదురుతది. పొదేర్ పొద్రే, సబేర్ సబ్రే, అబేర్ అబ్రే, కెరేర్ కెర్రే, కబేర్ కబ్రే, వీటిల నడుమ అచ్చు రాలింది. తెనేర్ తెంద్రే, బెనీర్ బెంద్రే, సలీర్ సల్ద్రే, పొనేర్ పొంద్రే, బలేర్ బల్ద్రే, వీటిల ఒక 'ద' వచ్చి చేరింది. అసేర్ అరే, దెసీర్ దిరే, ఈ రెండూ కుంచించుకపోయినయ్. అన్నీ రోజూ నోట్ల నలిగే క్రియలే, నలిగే అరిగినయి. కెర్రేల 'ర' రెండు, బండి 'ఱ' పలికినట్టు గట్టిగ పలుకు. ఇవి ఇప్పుడే నెత్తికెక్కించుకోకు. ముందు తెహేర్, అబ్లార్, బిబీర్ నోట్ల తిరగనియ్యి. ఇవి వచ్చిననాడు "చేస్తుంటి, చేద్దును" అన్నట్టు వాడే ఇంకో కాలం, తెహెరీయ, సగం వచ్చినట్టే, దాని మొదళ్లు కూడా ఇవే.

ఊర్ల ఉన్నన్ని దినాలు పట్టిక రాసుడు బంద్ చెయ్యి. సాయంత్రం బస్టాండ్ కాడ కూసున్నప్పుడు వినబడే మాటలనే వాక్యాలు చెయ్యి. సిద్దిపేట బస్సు ఆరింటికి వస్తది అని ఎవరన్నా అంటే, అది రోజూ వచ్చే బస్సా, ఇయ్యాల రావాల్సిన బస్సా, లేకుంటే వస్తదేమో అన్న ఆశనా, ముందు తేల్చుకో, తర్వాత క్రియ కట్టు. అట్లాంటివి ఒక పేజీ రాసి పంపు. ప్రతి వాక్యం కింద దాని తెలుగు కూడా మన ఊరి మాటలనే రాయి, పుస్తకం తెలుగు వద్దు. నువ్వు ఏది అనుకొని ఏది రాసినవో నాకు అప్పుడే తెలుస్తది. మొదటి వాక్యం మాత్రం బాపు గురించినదే ఉండాలె, ఈసారి 'త్రబాహ' అని.

అమ్మకు చెప్పు, సద్దుల బతుకమ్మ నాటికి వస్త.

నీ అక్క